అవతలి ఒడ్డు వాన

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మన పాత వాదనలో ఇవాళ నేను గెలిచాను.

పొద్దున చీమలు గుడ్లు మోసుకుంటూ గోడెక్కాయి. అది చూసి నీ కోడలు కల్లంలో ఎండబోసిన మిర్చి అంతా ఎత్తించింది. మూఢనమ్మకమని అరిచాను, అరుస్తూనే గంపలు మోశాను. సాయంత్రం దాకా సిరోంచలో చినుకు రాలలేదు. రైతుకు ఒక ఎండ పోయింది. చీమలు నష్టపరిహారం ఇస్తాయా? గట్టిగానే అడిగాను. నీ కోడలు "పోనీ తీయ్ మామా" అని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

నువ్వైతే వదిలేదానివా!

"వాన తప్పలే తమ్మీ, గోదారి అవతల తెలంగాణల పడ్డది. చీమలకు సరిహద్దు ఏం ఎరుక? అవేమన్న నీ లెక్క మ్యాపులు సదివినయా?" అనేదానివి. ఎప్పుడూ అదే జవాబు. దాన్ని మించిన మొండివాదం ఇన్నేళ్లలో నేనెక్కడా వినలేదు.

చీకటి పడకముందే బస్టాండుకు వెళ్లాను. కాళేశ్వరం నుంచి వంతెన దాటి బస్సు వచ్చింది. దిగేవాళ్ల చెప్పులకు బురద కోసం, చేతుల్లో తడిసిన గొడుగు కోసం చూశాను.

అందరూ పొడిగానే దిగారు. ఇంకో బస్సు ఉందన్నారు. నిలబడ్డాను.