రెల్లులో నల్లచుక్క

అక్కా,

నువ్వు బయల్దేరకు. నా ఉద్యోగం పోలేదు. మొన్నటి ఉత్తరం చింపి పొయ్యిలో పెట్టు, బావ కంట పడనీయకు.

లైబ్రరీ హాల్లో ఏటి ఒడ్డు చిత్తడి నేల బొమ్మ ఉందని రాశానుగా. మరకనుకుని నేను తడిగుడ్డతో తుడిచేసిన నల్లచుక్క, రెల్లులో కూర్చున్న కొంగ అని లైబ్రేరియన్ గారు గోల పెట్టారు. నిన్న ఆ బొమ్మ గీసినావిడనే పిలిపించారు. తెల్లజుట్టు, చేతికర్ర. దాచి ఏం లాభమని, "నేనే తుడిచానమ్మా" అనేశాను.

ఆవిడ బొమ్మకి ముక్కు ఆనించి చూసి పకపకా నవ్వింది.

"కొంగా, నా మొహమా! మోకాలిలోతు బురదలో నిలబడి గీస్తుంటే తడి రంగుకి అంటుకున్న దోమ అది. దాని చుట్టాలు నన్ను వారం రోజులు జ్వరంతో మంచాన పడేశాయి."

లైబ్రేరియన్ గారు కళ్లద్దాలు సర్దుకున్నారు. "మరి... వచ్చిన పిల్లలందరూ ముందు ఆ కొంగనే వెతుక్కుంటారండీ."

"అంతమంది కొంగంటే కొంగే" అంటూ ఆవిడ సంచిలోంచి సన్న కుంచె తీసింది. రెల్లుకి పైన, ఆకాశం అంచున, రెక్కలు విప్పిన కొంగని గీసి నావైపు తిరిగింది.

"కూర్చున్నదాన్ని తడిగుడ్డతో అదిలించావుగా తల్లీ! అదిగో, ఎగిరిపోతోంది."

ఇట్లు,
పది రోజుల తర్వాత కడుపునిండా అన్నం తిన్న
నీ చెల్లి