నర్సింలు ఎంచిన స్పీకరు

శనివారం, పటాన్‌చెరు

కొత్తగా కొనేవాళ్ల కోసం స్పీకర్లు పోల్చి పేపరుకు రాయాలి. పక్కింటి నర్సింలు ఎలాగూ కొంటున్నాడని దుకాణానికి వెంట వెళ్లాను. అక్కడ రెండు స్పీకర్లలోనూ ఒకే భజన, ఒకే వాల్యూమ్‌లో పెట్టించాను. ఒకదానిలో తాళాల మోత చెవుల్లో గుచ్చుకుంది. నర్సింలు దాన్నే ఎంచాడు.

"గిదే సాఫ్‌గ వినొస్తుంది సార్. రెండోదాంట్ల తాళాలే లెవ్వు."

ఉన్నాయి. నేను విన్నాను.

ఫ్యాక్టరీలో, రేకులు నొక్కే ప్రెస్ షాపులో, మిషన్ చప్పుడు మారితే తెలియాలని ఇయర్‌ప్లగ్గులు తీసేసి పనిచేస్తాడు, ఏళ్లుగా. చెవులు పరీక్ష చేయించుకోమన్నాను.

"డాక్టర్ రాసిస్తే మిషన్ మీదికెల్లి దించుతరు. ఇగ ఇల్లెట్ల నడవాలె?"

అతనికి ఏ స్పీకరు మంచిదని రాయాలి?

గోడ అవతల నర్సింలు ఇంట్లో తాళాలు మోగుతున్నాయి. తగ్గించమని చెప్పడానికి లేచి, మళ్లీ కూర్చున్నాను.