సవరణ గుర్తు పెట్టని డ్రాయింగు

సువా, ఫిజీ,
శుక్రవారం.

విలికేసా మామయ్య గారికి,

ఆ పడవ షాఫ్టు పాడైంది మీ లేత్ మిషన్ దగ్గర కాదు, నా డ్రాయింగు బల్ల దగ్గర. ఎనభై ఐదు మిల్లీమీటర్లు వేయాల్సిన చోట ఎనభై వేశాను. మీరు దాని ప్రకారమే తరిగారు. తప్పు తెలిశాక అంకె దిద్దాను. దిద్దితే పక్కన సవరణ గుర్తు, తేదీ, సంతకం ఉండాలని మా కోర్సులో మొదటి వారమే నేర్పారు. అవేవీ పెట్టకుండా కొత్త కాపీ ఫైల్లో పెట్టేశాను.

"ముప్ఫై ఏళ్ళ సర్వీసు ఎందుకయ్యా, అంకెలు కూడా కనబడనప్పుడు? కళ్ళజోడు మార్చుకో!" అని ఫోర్‌మన్ ఫైల్లోని కాపీ చూపిస్తూ అందరి ముందూ మిమ్మల్ని అంటుంటే, నేను పెన్సిలు చెక్కుకుంటూ కూర్చున్నాను.

నా పాత కాపీ అప్పుడు మీ చేతిలోనే ఉంది. మీరు నావైపు ఒక్కసారి చూసి, దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, "చూపు మందగించింది సార్" అన్నారు.

ఆదివారం చర్చి అయ్యాక, తప్పు ఒప్పుకునే మన ఆచారం ప్రకారం కావా వేళ్ళ కట్టతో వచ్చి మీ గుమ్మం దగ్గర కూర్చుంటాను. మీ సంగతి తెలుసు, వెంటనే కట్ట అందుకుని క్షమించేస్తారు. అప్పుడే అందుకోకండి. ముందు ఆ పాత కాపీ ఇవ్వండి. సోమవారం ఫోర్‌మన్ ఎదుట దానిమీద నా సంతకం పెట్టి వస్తాను. కట్ట అప్పటిదాకా గుమ్మం బయటే ఉండనివ్వండి.

మీ మేనకోడలు