గేదె చెవికి పాత రంధ్రం
దుర్గి, 1985, బుధవారం రాత్రి

పాల వ్యాపారం చేసుకొమ్మని ప్రభుత్వ పథకం కింద ఇవాళ నాకు గేదెనిచ్చారు. దాని చెవికి వేసిన కొత్త నంబరు బిళ్ళ పక్కనే పూడిన పాత రంధ్రం కనిపించింది. తోలుకొచ్చిన దళారిని అడిగాను.

"ముల్లు గీరిందిలేమ్మా. రెండ్రోజులు దీన్ని బయటికి వదలమాక" అన్నాడు.

ఎందుకు వదలకూడదో నాకు అర్థం కాలేదు. సాయంత్రం విప్పి చూశాను. అది నేరుగా వెనక వీధిలోని మస్తాన్‌బీ ఇంటికి పోయింది. ఆమె దాని మెడ పట్టుకుని ఏడ్చేసింది.

"ఇది నా గేదే వదినా! పోయినేడు నాకూ ఇట్టాగే ఇచ్చారు. జబ్బు చేసిందని తోలుకుపోయి, చచ్చిపోయిందన్నారు."

గేదె అందినట్టు రేపు ఆఫీసులో సంతకం పెట్టాలట. మస్తాన్‌బీని, గేదెను వెంటబెట్టుకుపోతాను. చచ్చిందన్న ఆమె గేదె ఇదేనని, బతికే ఉందని నా సంతకానికి ముందు వాళ్ళు రాసివ్వాలి. ఈ రాత్రికి ఎవరైనా వస్తారేమోనని పలుపును నా మంచం కోడుకు కట్టుకున్నాను.