ఒక్క చీటీ కూడా పడని పెట్టె

హెడ్మిస్ట్రెస్ మేడమ్ గారికి,

ప్లాస్టిక్ సామాన్ల కొట్టాయన నమస్కారాలు. మా అమ్మాయి, మీ ఐదో క్లాసు, మూడు రోజుల్నుంచి బడికి రావట్లేదు. జ్వరమని లీవు లెటర్ రాశాను, అది అబద్ధం, క్షమించండి. బేరాల మధ్య టైపు చేస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. నేను బకెట్లు అమ్ముతానని దాన్ని క్లాసులో "బకెట్" అంటున్నారట. అంటే అననీ అనుకున్నా. మొన్న ఒకమ్మాయి చెత్తబుట్ట మూత తెచ్చి దీని నెత్తిన పెట్టి "రాణిగారు వేంచేశారు" అందట, క్లాసంతా చప్పట్లట. ఇంటికొచ్చి మూడుసార్లు తల కడుక్కుంది. "చంపినా వెళ్ళను నాన్నా" అంటోంది. ఏదో ఒకటి చెయ్యండి మేడమ్.

ఇట్లు,
కొట్టాయన

తా.క.: ఆ మూత మా కొట్టుదే. చాలా గట్టిది. అదే నా బాధ.

---

కొట్టు యజమాని గారికి,

మీ ఉత్తరం చదివి విచారించాం. అయితే మా బడిలో ఏడిపించడం అనేది లేదు, ఎందుకంటే ఇంతవరకు ఒక్క ఫిర్యాదూ రాలేదు. ఫిర్యాదుల పెట్టెలో పడిన చీటీయే ఫిర్యాదు అని మా సెక్రటరీగారి రూలు. మీది ఉత్తరం. పెట్టె మాకింకా లేదు. మీ కొట్లో ఉంటే తాళంతో సహా ఒకటి పంపగలరు. అమ్మాయిని రమ్మనండి, ధైర్యంగా చీటీ వేయమనండి.

భవదీయురాలు,
హెడ్మిస్ట్రెస్

తా.క.: ఎర్ర రంగు వద్దు. పిల్లలు భయపడతారు.

---

మేడమ్ గారికి,

పెట్టె పంపుతున్నా. ఇనపది, ఆకుపచ్చ. స్టాకు లేకపోతే షోకేసులోంచి తీయించా. పెట్టె వస్తోందనగానే మా అమ్మాయి లేచి జడలేసుకుంది. "ఎవరికీ తెలీకుండా రాయొచ్చా నాన్నా?" అంది. "రాయి తల్లీ, మనం చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది" అన్నా. పెట్టె కడుతూ మా బామ్మర్ది, పన్నెండేళ్ళుగా నా కొట్లోనే పని, "బావా, అసలు ఈ పెట్టె..." అని మొదలెట్టాడు. "మొద్దూ, నిన్నడిగానా? నోర్మూసుకుని కట్టు" అన్నా. బేరం టైముకి ఇలాగే అడ్డొస్తాడు.

ఇట్లు,
కొట్టాయన

తా.క.: మా కొట్లో ఇలాంటి పెట్టె అక్కర్లేదు లెండి. అంతా ఇంట్లోవాళ్ళే, ఏదున్నా నా మొహం మీదే చెప్పేస్తారు.

---

కొట్టు యజమాని గారికి,

నెల తిరిగింది. ప్రార్థనలో అందరి ముందూ పెట్టె తెరిచాం. ఒక్క చీటీ లేదు! సెక్రటరీగారు చప్పట్లు కొట్టించారు. పై ఆఫీసువారు "భయం లేని బడి" అని సర్టిఫికెట్ ఇచ్చారు. ఫ్రేము కట్టించి పెట్టె పక్కనే తగిలించాం. మీ అమ్మాయి విషయం ఇంతటితో ముగిసినట్టే.

భవదీయురాలు,
హెడ్మిస్ట్రెస్

తా.క.: మీ అమ్మాయి రోజూ ఇంటర్వెల్లో పెట్టె వెనక గోడ తడుముతోందని ఆయా చెప్పింది. ఇంట్లో కనుక్కోండి.

---

మేడమ్ గారికి,

కనుక్కున్నా. నిన్నట్నుంచి అది మళ్ళీ రానంటోంది. "మన బళ్ళో ఎవరూ ఎవర్నీ ఏడిపించట్లేదని సర్టిఫికెట్ వచ్చింది కదా నాన్నా, మరి నన్ను ఏడిపించేదెవరు?" అంది.

మేడమ్, ఆ పెట్టెకి చీటీ వేసే కంత లేదు. టీచరుకి చెబితే "అది కూడా రాసి పెట్టెలో వెయ్యి" అన్నారట. పిల్లలు చీటీలు పెట్టె వెనక సందులో దూరుస్తున్నారు. కింద పడితే ఎవరైనా చదివేస్తారని మా అమ్మాయి రోజూ తీసి జామెట్రీ బాక్సులో దాచింది. అన్నీ పంపుతున్నా. చదవలేదు.

బామ్మర్దిని నిలదీశా. "అది షోకేసు పీసు బావా. కంత కొయ్యలేదు, నల్లరంగుతో గీసిందే. ఆ రోజే చెప్పబోయా" అన్నాడు. "మరి గట్టిగా చెప్పొచ్చుగా!" అని అరిచా. "ఇదిగో, ఇందుకే" అన్నాడు.

ఇట్లు,
కొట్టాయన

తా.క.: అప్పట్నుంచి కొట్లో కాస్త మెల్లగా మాట్లాడుతున్నా. ఒంట్లో బాలేదా అని అందరూ అడుగుతున్నారు.

---

కొట్టాయన గారికి,

చీటీలు ముప్పై ఎనిమిది. మూత పెట్టిన అమ్మాయిది కూడా ఉంది, బస్సులో పెద్దపిల్లలు దాన్ని సీట్లో కూర్చోనివ్వట్లేదట. రేపట్నుంచి ఆ బస్సులో నేనూ వెళ్తాను.

వాటిలో ఏడు పెద్దవాళ్ళ రాతలు, సెక్రటరీగారి గురించి. ఆరుగురు మా టీచర్లు. ఏడోది నాది.

అవును, పెట్టె వచ్చిన సాయంత్రమే చీటీ వెయ్యబోయి కంత లేదని చూశాను. వెనక దూర్చి వెళ్ళిపోయాను. అంతకుముందు కుళాయి పాడైందంటేనే "సమస్యలు తేవడానికా మీకు జీతం" అని స్టాఫందరి ముందూ అరిచారాయన. అందుకే కంత సంగతి ఎత్తలేదు. సర్టిఫికెట్ అందినట్టు మాత్రం సంతకం పెట్టాను.

ఇవాళ ఆ సర్టిఫికెట్ దించేశాను. టీచర్లు ఆరుగురూ నా వెనక నిలబడ్డారు. చీటీలు సెక్రటరీగారి ముందు పెట్టి కంత సంగతి చెప్పాను. ఆయన మంచినీళ్ళడిగారు.

మీ బామ్మర్దిగారు కోత మిషనుతో వచ్చారు, వెంట మీ అమ్మాయి. "ఇంకా కిందకి మావయ్యా, ఒకటో క్లాసు వాళ్ళకీ అందాలి" అని దగ్గరుండి కోయించింది. మూత అమ్మాయి సారీ చెప్పింది. మీ అమ్మాయి ఇంకా ఒప్పుకోలేదు, ఆలోచిస్తానంది. రేపు బడికి మాత్రం వస్తానంది.

మీ,
హెడ్మిస్ట్రెస్

తా.క.: కంత కోశాక పడిన మొదటి చీటీ మీ బామ్మర్దిగారిది. బడికి సంబంధం లేనిది కనుక మీకే పంపుతున్నాను. మొత్తం పన్నెండు పేజీలు, ఏడాదికొకటి.