పచ్చ గీత, యాదమ్మ గారి కుర్చీ

3 మార్చి, సోమవారం

మళ్ళీ అదే మాట. "సిస్టం స్లో ఉంది మేడం." మా కార్గో షెడ్డులో ఇన్వర్డ్ కౌంటర్ మీద కూర్చునే యాదమ్మ గారికి రోజూ ఇదే పాట. వచ్చిన పార్సెల్‌కి ఫొటో తీసి బటన్ నొక్కితే స్క్రీన్ మీద చక్రం తిరుగుతూనే ఉంటోందట. చెయ్యి నెమ్మది ఆవిడది, నింద నా సర్వర్ మీద!

ఎన్నిసార్లు చెప్పాలి? సర్వర్‌లో నేను పెట్టిన ఏజెంటు ప్రోగ్రాం ఉంది. నిమిషానికోసారి డిస్కుని కొలుస్తుంది — ఎంత చదివింది, ఎంత రాసింది, అడిగిన పనికి ఎంతసేపు ఆపింది. అదంతా గీతగా నా స్క్రీన్ మీదికి వస్తుంది. నెలల తరబడి పచ్చగా, చాప పరిచినట్టు. ఒక్క మిట్ట లేదు. పిలిచి చూపించాను కూడా.

"గా గీత నాకెందుకు మేడం? మీరే జర వచ్చి నా కుర్చీల కూసోండ్రి."

ఒళ్ళు మండిపోయింది. పదేళ్ళుగా ఇదే పనిలో ఉన్నదాన్ని. నాకు చెబుతోంది!

4 మార్చి

మేనేజర్ ప్రసాద్ గారు పిలిచారు. గంటకి ఎవరు ఎన్ని పార్సెళ్ళు సిస్టంలో ఎక్కించారో లిస్టు. యాదమ్మ గారి పేరు అట్టడుగున. "అవుట్‌వర్డ్ కౌంటర్ వాళ్ళు బాగానే చేస్తున్నారుగా. అదే సర్వర్, అదే నెట్. తప్పు మిషన్‌దా, మనిషిదా — ఒక్క లైను రాసివ్వండి సుజాతా."

రాసిచ్చాను. "స్టోరేజిలో లోపం లేదు. ఆలస్యం వాడేవారి వైపు." కింద పచ్చ గీత బొమ్మ. సంతకం.

రెండు నిమిషాల పని.

6 మార్చి, గురువారం

నోటీసు బోర్డులో మెమో. యాదమ్మ గారి పేరు, పెద్ద అక్షరాలతో. "పనిలో అలసత్వం." లోడింగ్ వాళ్ళు, డ్రైవర్లు, అందరూ నిలబడి చదువుతున్నారు.

ఆవిణ్ణి మళ్ళీ ఊడ్చే పనికి పంపేశారు. మామిడిపల్లి నుంచి వచ్చి ఏడేళ్ళు ఈ షెడ్డే ఊడ్చింది. మధ్యాహ్నం అన్నం టైములో టైపింగు నేర్చుకుని ఆ కుర్చీ ఎక్కింది. రెండేళ్ళయింది అంతే. "వచ్చిన పని చేసుకోమనండి" — ప్రసాద్ గారు, టీ తాగుతూ.

మనసుకి బాగోలేదు. కానీ నేనేం కల్పించి రాశానా? ఉన్న అంకె రాశాను.

7 మార్చి

వరండాలో ఎదురుపడింది, చేతిలో చీపురు. తల ఎత్తలేదు. రోజూ "నమస్తే మేడం" అనే మనిషి. నాకూ కోపం వచ్చింది. నా మీద ఎందుకమ్మా? నా పని నేను చేశాను!

10 మార్చి, సోమవారం

ఇన్వర్డ్‌లో కూర్చోవడానికి ఇంకా ఎవరూ దొరకలేదు. "ఈ పూటకి మీరు చూడండి" అన్నారు ప్రసాద్ గారు. చూపిస్తా, ఎంత వేగంగా అవుతుందో అనుకుంటూ కూర్చున్నా.

మొదటి పార్సెల్. ఫొటో. బటన్. చక్రం.

చక్రం… చక్రం…

రెండోది. అంతే. పార్సెళ్ళ వరుస గుమ్మం దాటింది. వెనక నుంచి "ఏంది మేడం, మీరు గూడ గిట్లనేనా?" అని ఎవరో నవ్వారు. పెన్ను కింద పడితే వంగాను. బల్ల అడుగున వరసగా స్టిక్కర్లు, పార్సెళ్ళకి అంటించేవి. వాటి మీద పెన్సిల్‌తో టైము, పక్కనే ఓ అంకె. పది నలభై — ఇరవై రెండు. పదకొండు అయిదు — ముప్ఫై ఒకటి. ఎన్నో ఉన్నాయి.

బయటికి పరుగెత్తి యాదమ్మ గారినే అడిగాను.

"చక్రం తిరిగినప్పుడల్ల ఒకటి, రెండు అనుకుంట లెక్కవెట్టిన. రాసిపెట్టిన. ఎవలన్న అడుగుతరేమోనని." చీపురు ఆపలేదు. "ఎవ్వలడగలే."

నా సీటుకి పరుగెత్తాను.

అదే రోజు, సాయంత్రం బస్సులో రాస్తున్నా. అక్షరాలు వంకర పోతున్నాయి, పోనీ. ఏజెంటు సెట్టింగులు తెరిచాను. ఏ డిస్కుల్ని కొలవాలో అక్కడ పేర్లు ఇవ్వాలి. ఒక్కటే పేరుంది. ఆ ఒక్కటీ నేనే రాశాను — అన్నీ పెడితే అనవసరంగా ఎర్రగీతలు వచ్చి చిరాకు పెడుతున్నాయని, గ్రాఫ్ శుభ్రంగా ఉండాలని! జనవరిలో మా సర్వర్ల రిపేర్లు చూసే ఏజెన్సీ వాళ్ళు ఇన్వర్డ్ ఎంట్రీలు, ఫొటోలు అన్నీ రెండో డిస్కుకి మార్చారు. అవుట్‌వర్డ్ మాత్రం పాతదాని మీదే ఉంది. అందుకే వాళ్ళకి హాయి. నేను ఇన్నాళ్ళూ కొలిచింది బరువు దిగిపోయిన డిస్కుని. అది పచ్చగా ఉండక ఏం చేస్తుంది?

మార్చినట్టు మెయిల్ కూడా నాకే వచ్చింది. ఆఖరి లైను: "రెండో డిస్కును మీ మానిటరింగ్‌లో చేర్చుకోగలరు." నేను ఆఖరిదాకా చదవలేదు.

ఛీ. నా పదేళ్ళూ, నా సంతకమూ.

11 మార్చి

రెండో డిస్కు పేరు చేర్చాను. గంటలో ఎర్రగా లేచింది గీత. సరుకు దిగే వేళలకి మిట్టలు, ఇరవై సెకన్లు, ముప్ఫై సెకన్లు. స్టిక్కర్ల మీద ఉన్నవీ ఆ వేళలే. జీతమిచ్చి నన్ను పెట్టుకున్నది కొలవడానికి. కొలిచింది ఆవిడ.

12 మార్చి

ప్రసాద్ గారికి అంతా చెప్పాను.

"గుడ్. డిస్కు మార్పించండి."

మరి యాదమ్మ గారు?

"అయిపోయిందిగా అది. మెమో వెనక్కి తీసుకుంటే రేపటి నుంచి ప్రతివాడూ సిస్టం స్లో అంటాడు. రిపోర్టు మీద మీ సంతకం ఉంది, ఆలోచించుకోండి."

పళ్ళు నూరుకుంటూ వచ్చేశాను. ఆయన మీద కోపం సరే. సంతకం మాట వినగానే ఒక్క క్షణం, 'పోనీ, ఎవరికీ తెలియదు' అనిపించింది నాకు. అనిపించింది. రాసి పెడుతున్నా.

15 మార్చి, శనివారం

నిన్న ఆ రెండో డిస్కు తీసేసి కొత్తది వేశారు. ఈరోజే ఇన్వర్డ్‌లో కొత్తావిడ చేరింది. చక్రం లేదు. బటన్ నొక్కితే టక్కున అయిపోతోంది. ప్రసాద్ గారు తన గది అద్దంలోంచి చూపిస్తూ, అందరి ముందూ — "చూశారా? మనిషి మారితే పని ఎలా మారుతుందో!"

డిస్కు మారింది! డిస్కు! గొంతుదాకా వచ్చింది, మింగేశాను. ఎందుకు మింగాను? ఆయన్ని తిట్టుకున్నాను, ఏజెన్సీని తిట్టుకున్నాను, అందరికన్నా నన్ను.

17 మార్చి, సోమవారం

పంపేశాను. ఆఫీసు మొత్తానికి మెయిల్. నా రిపోర్టు తప్పు, కొలవాల్సిన డిస్కుని నేను కొలవలేదు, యాదమ్మ గారు మొదటి నుంచీ చెప్పింది నిజం.

వెళ్ళి ఆవిడకి చెప్పాను. పార్కింగ్ దగ్గర ఊడుస్తోంది. నడుం ఎత్తి మొత్తం విన్నది.

"నేను పని చాతగానిదాన్నని గోడకు వెట్టిండ్రు. డ్రైవర్ల దాక అందరు సదివిండ్రు. మీ తప్పేమో మెయిల్ల వెట్టిండ్రా? మా వాళ్ళకు మెయిలేడుంటది మేడం?"

చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు.

18 మార్చి

మెయిల్ ప్రింటు తీశాను. నోటీసు బోర్డుకి అద్దం, అద్దానికి తాళం. తాళంచెవి ప్రసాద్ గారి దగ్గర.

"రేపు చూద్దాం" అన్నారు.

19 మార్చి

ఈరోజు కూడా రేపే అన్నారు. ఇంక అడగదలుచుకోలేదు.

అద్దం మీదే అంటించేశాను, సరిగ్గా ఆ మెమో కనబడకుండా. టేపు అయిపోయింది, కింద మూల లేచిపోతోంది. వెనక నుంచి ఓ చెయ్యి వచ్చి ఆ మూలని నొక్కి పట్టుకుంది. యాదమ్మ గారు.

"నా పేరు పెద్దగ రాసిండ్రు. మీ పేరు గింత చిన్నగున్నది?"

నిజమే. మెయిల్ అక్షరాలు. నా పేరు అడుగున ఎక్కడో. పెన్ను తీసి పైన రాశాను — సుజాత రాసిన రిపోర్టు తప్పు — లావుగా, దిద్ది. డ్రైవర్లు ఒక్కొక్కరే ఆగారు. ప్రసాద్ గారు గదిలోంచి వచ్చి చదివారు. తిరిగి లోపలికి వెళ్ళారు. ఆవిడ మాత్రం నేను టేపు తెచ్చేదాకా వేలు తియ్యలేదు.

20 మార్చి, గురువారం

కాగితం ఇంకా అక్కడే ఉంది. పదకొండింటికి తన గదికి రమ్మని ప్రసాద్ గారి నుంచి నాకు కబురు. ఇన్వర్డ్‌లో కొత్తావిడే.

యాదమ్మ గారు వరండా ఊడుస్తూ ఎదురొచ్చింది. "నమస్తే మేడం" అనలేదు. "కుర్చీ సంగతి గూడ అడుగుండ్రి" అంది.