చంటిదాని స్వెట్టరు వదులైంది

ఏమే, మళ్ళీ అమ్మమ్మవయ్యావు! తల్లీబిడ్డా కులాసా. చంటిదానిది అచ్చం నీ మూతి విరుపే, చూసి నా కడుపు నిండిపోయిందనుకో.

ఆ సంబరమంతా నువ్వల్లిన స్వెట్టరు బయటికి తీసేదాకానే. వియ్యపురాలు దాన్ని అందరి ముందూ ఎత్తి పట్టుకుని, "అన్నయ్యగారూ, ఇది మనవరాలికా, మీకా?" అంది. పకపకా నవ్వారు. నా తల కొట్టేసినట్టయింది. ముందు అరచేతంత ముక్క అల్లి, ఉతికి ఆరేసి, కొలత చూసుకుని మొదలెట్టమని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. "ఊలు దండగ, నా చెయ్యి నాకు తెలీదా" అన్నావు.

తర్వాత అమ్మాయి దాన్ని పెద్ద మనవడి పాత స్వెట్టరు పక్కన పరిచింది. అవే సూదులు, అదే ఊలు, కుట్ల లెక్కా అదే. అప్పటి కుట్లు బిగువుగా ఉన్నాయి, ఇప్పటివాటిలో వేలు దూరుతోంది. "నాన్నా, అమ్మ చేతిలో పట్టు తగ్గింది" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వేళ్ళు నొప్పెడుతుంటే నా దగ్గర దాచడమేమిటే? నేనేమన్నా పరాయివాణ్ణా?

వంటింటి కొళాయి బాగుచేయించావా? తిరుగు టపాలో అరచేతంత ముక్క అల్లి పంపు. ఉతకొద్దు, కొలవొద్దు, ఎలా వస్తే అలాగే. పక్కింటావిడ చేత అల్లించావో, ఇట్టే పట్టేస్తాను.

చంటిది ఆ స్వెట్టర్లోనే చుట్టుకుని పడుకుంది.

కోపంతో, దీవెనలతో,
మీ ఆయన